కంచానికీ ఒక ముఖం

క్లాప్ కొట్టడానికి ముందు మూడు సెకన్లు. అంటే డెబ్భై రెండు ఫ్రేములు. ఆ కాస్త వ్యవధిలో తెరకు కుడివైపు నుంచి ఒక చెయ్యి లోపలికి వస్తుంది. అరిటాకు అంచును తడిగుడ్డతో ఒకసారి తుడుస్తుంది. ఆకును రెండు వేళ్ళతో కొంచెం ఎడమకు తిప్పుతుంది. వెళ్ళిపోతుంది.

ఫిల్మ్ నగర్‌లో నేను పనిచేసే చోట పాత సినిమాల రీళ్ళను శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, వెలిసిపోయిన రంగులు సరిచేస్తాం. కిందటివారం ఒక డబ్బాలో, ఎడిటింగ్‌లో తీసెయ్యగా మిగిలిన ముక్కలు కొన్ని దొరికాయి. అందులో ఒకటి పెళ్ళి భోజనాల సీను. నేను చూడాల్సింది పెళ్ళికూతురి చీర రంగు. నేను మాత్రం ఆ చేతి చిటికెనవేలు చూస్తూ కూర్చున్నాను. అది బయటివైపుకు వంగి ఉంది. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అనుమానం లేదు.

ఆ చెయ్యి మా వంటింట్లో నాలుగు నెలలు తిరిగింది. ఆ మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆయన గురించి తెలిసినవన్నీ ఒక కాగితం మీద రాద్దామని మొదలుపెట్టాను. సొంతూరు తెనాలి దగ్గర ఏదో పల్లె. ఏ పల్లె అని అడగలేదు. ఎవరున్నారు, ఎవరు లేరు అనేదీ తెలియదు. పేరు తెలుసు గాని, ఇంట్లో ఎవరమూ ఆ పేరుతో పిలవలేదు. అమ్మా నేనూ ‘గురువుగారూ’ అనేవాళ్ళం. సినిమావాళ్ళలో ఆ మాట ఏ వయసువాడికైనా సరిపోతుంది. కాగితం నాలుగు వరుసల్లో ఆగిపోయింది. అదే, ఆయన ఉప్పు ఎలా వేసేవారో చెప్పమంటే రెండు పేజీలు రాయగలను. గిన్నెకు మోకాలంత ఎత్తు నుంచి, మూడు వేళ్ళతో, ముగ్గు వేస్తున్నట్టు.

ఆయన మా ఇంట్లోకి రావడానికి కారణం నాన్న కళ్ళు.

నాన్న సినిమా ల్యాబులో నెగటివ్ కటింగ్ చేసేవాడు. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, ఎడిటర్ గుర్తుపెట్టిన చోట అసలు నెగటివ్‌ను కత్తిరించి అతికించే పని. ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా దిద్దుకోవడానికి వీలుండదు. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. తర్వాత కొన్నేళ్ళకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. పాలు కలిపిన నీళ్ళలోంచి చూస్తున్నట్టుందిరా అనేవాడు. ఎవరైనా ఎదురుగా వస్తే ఆ పాలల్లో ఒక నీడ చిక్కబడినట్టు తెలిసేది. మొహం తెలిసేది కాదు.

ఆపరేషన్ చేయించుకుంటే చూపు వస్తుంది. కాని నాన్నకు షుగరు ఉంది. మూడు నెలల సగటు చూస్తే పదకొండు వచ్చింది. దాన్ని ఎనిమిదికి లోపు తెస్తే గాని కత్తి పట్టనని డాక్టరుగారు చెప్పేశారు. ఆలస్యం చేస్తే శుక్లాలు మరీ ముదిరి పని కష్టమవుతుందని కూడా చెప్పారు. అంటే నాన్న చూపు ఇప్పుడు మా వంటింటి మీద ఆధారపడి ఉంది.

అమ్మ టీవీ సీరియళ్ళకు హెయిర్ డ్రెస్సర్. పొద్దున ఆరింటికి యూనిట్ వ్యాను ఎక్కేస్తుంది. నా షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి మొదలు. కాబట్టి వంట నా మీద పడింది. నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. ముందు కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారుచేశాను. కొర్రలు, అరికెలు, దంపుడు బియ్యం, జొన్నరవ్వ. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర. నూనె రెండు చెంచాలు, ఒక చెంచా, అర చెంచా. అన్ని కలయికలూ లెక్కవేస్తే నలభై ఎనిమిది వంటలు తేలాయి. రోజుకు ఒకటి. గ్రాముల త్రాసు కూడా కొన్నాను.

పదకొండో వంట దాకా నాన్న దేన్నీ సగం కూడా తినలేదు. ఒకరోజు కంచంలో వేళ్ళు పెట్టి, ఇది అన్నమా ఇసుకా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అమ్మ షూటింగు నుంచి వచ్చి, మిగిలింది వడ్డించుకుని, ఆవకాయ జాడీ దగ్గరికి లాక్కునేది.

పన్నెండో వంట రోజు, తీసి ఉన్న తలుపు దగ్గర ఒక సన్నటి గొంతు వినిపించింది.

“బాబూ, అది ఆరో కూత. ఆ కొర్రలు అంత నేరం ఏం చేశాయి?”

మా నాలుగంతస్తుల బిల్డింగు డాబా మీద ఒక ఒంటిగది ఉంది. అందులో ఉండేది ఆయనే. మెట్లు దిగుతూ మా కుక్కరు విన్నారట. భుజం మీద తడిగుడ్డ, పొట్టి చేతుల తెల్ల చొక్కా. నా అనుమతి అడిగి కుక్కరు మూత తీశారు. లోపల గోడలకు పూసే ముద్దలాంటిది ఉంది. దాన్ని తిట్టలేదు, పారబొయ్యమనలేదు. చల్లార్చి, పల్చటి మజ్జిగ పోసి, గరిటెతో మెదిపి, వేయించిన జీలకర్ర నలిపి వేసి, ఉల్లిపాయ సన్నగా తరిగి కలిపారు. గాజుగ్లాసులో పోసి నాన్న చేతికిచ్చారు. నాన్న తాగాడు. గ్లాసు కింద పెట్టకుండానే అడిగాడు.

“ఎవరయ్యా నువ్వు?”

“పైన గదిలో ఉంటానండి.”

“ఇంకా ఉంటే పొయ్యి.”

అలా మొదలైంది. ఆయన గొంతు సన్నగా, చురుగ్గా ఉండేది. నాన్న కేకేస్తే పైనుంచి ‘వచ్చే’ అనే జవాబు ముందొచ్చేది, దాని వెనకే మెట్ల మీద గబగబా అడుగులు. ఆ చప్పుడు విని నాన్న నవ్వుకునేవాడు. “ఏమయ్యా, పప్పులో మిరపకాయ ఏది? ఏమయ్యా, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?” ఆయన కూడా పిలుపు అందుకున్నంత హుషారుగా పనులు చేసేవారు.

ఆయన నలభై ఏళ్ళు సినిమాల్లో పనిచేశారు. పని పేరు ప్రాపర్టీ. సీనులో కనిపించే వస్తువులన్నీ సమకూర్చే విభాగం అది. అందులో ఆయనకు అప్పగించింది భోజనాలు. తెర మీద ఎవరైనా తింటుంటే, ఆ తినే పదార్థం ఆయన వండిందే. కాని అది తినడానికి వండింది కాదు. మెతుకు మెతుకూ విడిగా కనిపించాలని అన్నం పలుకు మీద దించేస్తారు. లైట్లకు మెరవాలని కూర మీద కుంచెతో నూనె రాస్తారు. ఆకు వెనక మరిగే నీళ్ళ చెంబు పెడితే పొగలు వస్తాయి. అన్నం రాశిగా కనబడాలంటే కింద ఒక గిన్నె బోర్లిస్తారు. షాటు పూర్తయ్యేలోగా యూనిట్‌లో ఎవరైనా తినేస్తే తర్వాతి షాటుకు తేడా వస్తుంది కనుక, కూరలో రెండు చుక్కలు కిరసనాయిలు కలిపేవారట. ఆర్టిస్టు నోట్లో పెట్టుకునే ఒక్క ముద్దా వేరేగా ఉంటుంది. అదీ కట్ అనగానే ఊసేస్తారు.

పొయ్యి ముందు నిలబడి ఇవన్నీ ఆయన నాతో కల చెబుతున్నట్టు చెప్పేవారు. ఏ సినిమా పేరూ ఎత్తేవారు కాదు. ‘నలభై ఆకుల సీను’ అనేవారు. స్టూడియో ఫ్లోరులో నకిలీ వెన్నెల, ఆ వెన్నెల్లో నలభై ఆకులు, నలభై రాశుల మీద పొగ. భోజనానికి విరామమని అందరూ బయటికి వెళ్ళిపోయాక, ఆయనొక్కరే ఆ వరుసల మధ్య ఈగలు తోలుతూ కూర్చున్నారట. “అంత బాగా ఎవరూ వడ్డించి ఉండరు బాబూ. ఒక్కడూ తినేవాడు లేడు” అన్నారు. ఆ మాటలో బాధ కూడా లేదు. వింటుంటే నాకు ఆ పొగ మా వంటింట్లోకి వస్తున్నట్టుండేది.

మా ఇంట్లో ఆకుకూర ముట్టుకునే ముందు ఆయన చేతులు మూడుసార్లు కడుక్కునేవారు. కడిగిన ప్రతిసారీ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. కిరసనాయిలు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. అయినా మూడోసారి కడిగాక గాని నమ్మకం కుదిరేది కాదు.

నా పట్టికను ఆయన ఒక్కసారే చూశారు. నలభై ఎనిమిది వంటలు ఎందుకు, ఒకటే వంట చెయ్యి, కుదిరేదాకా చెయ్యి అన్నారు. వారమంతా తోటకూర పప్పు. సోమవారం కంటే మంగళవారం పప్పు కొంచెం పలుకు. బుధవారం చింతపండుకు బదులు మామిడికాయ. ఒకసారికి ఒకటే మారాలి. నేను కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకున్న సూత్రం అది. ఆయన టేకుల మీద టేకులు చేసి పట్టుకున్నారు. వండింది తూచడం మానేసి, కంచంలో వదిలేసింది తూచమని కూడా చెప్పారు. అప్పటి నుంచి నా పట్టికలో అసలైన అంకెలు రావడం మొదలయ్యాయి. వదిలింది నూట ఎనభై గ్రాములు. తొంభై. ఇరవై. సున్నా వచ్చిన రోజు ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశాను.

వడ్డించాక ఆయన నేల మీద గొంతుక్కూర్చుని, కంచం అంచుకు తన కన్ను సమానంగా తెచ్చుకుని ఒకసారి చూసేవారు. ప్రతి కంచానికీ ఒక ముఖం, ఒక వీపు ఉంటాయని ఆయన నమ్మకం. ముఖం తినేవాడి వైపు ఉండాలి. అంచు తుడిచి, కొంచెం తిప్పి, ‘రెడీ సార్’ అని లోగొంతుకతో అనేవారు. తినే మనిషికి కంచమే సరిగ్గా కనబడదన్న సంగతి ఆయనకు పట్టేది కాదు.

కూరలకు ఆయన ఎప్పుడూ కొనే చోటికే, షేక్‌పేట ఫ్లైఓవరు పక్కకు వెళ్ళేవాణ్ణి. అక్కడ ఆకుకూరలు అమ్మే ఆమె నేను తీసిన కట్ట నా చేతిలోంచి లాగేసుకునేది. “గది నీకొద్దు సారూ, ముదిరింది. తీస్కపోతే మీ పెద్దాయన నన్నంటడు. ఇగో, గిది తీస్కో.” పొద్దుటి ఎండ గోల్కొండ వైపు రాళ్ళ మీద పాకుతుండగా ఆ తడి కట్టలు పట్టుకుని ఎక్కుడు రోడ్డు నడిచి వచ్చేవాణ్ణి. పట్టికలో తేదీలన్నీ వేరువేరుగా ఉన్నాయి. గుర్తు చేసుకుంటే మాత్రం అదంతా ఒకటే పొడవాటి పొద్దులా ఉంటుంది. తిరగమోత వాసన, కిటికీలో తెల్లటి వెలుగు, ఆ వెలుగులో నాన్న మొహం పైకెత్తి కూర్చుని వినడం.

ఇంత చేసినా షుగరు మీటరు మీద అంకె దిగలేదు. కారణం అన్నం. కొర్రలు పొద్దున ఒప్పుకున్నాడు గాని, మధ్యాహ్నం మాత్రం నాన్నకు తెల్లన్నమే కావాలి, అదీ గుట్టగా. ఆ పాలలాంటి మసకలోనూ తెల్లటి రాశి ఒకటి తెలిసేది. రాశి తగ్గితే, నాకేమన్నా తద్దినం పెడుతున్నారా అనేవాడు.

గిన్నె బోర్లించే ఆలోచన ఆయనది. ఒప్పుకున్నది నేను.

ఆరు రోజులు నడిచింది. చిన్న స్టీలు గిన్నె, దాని మీద పల్చగా అన్నం, చుట్టూ ఇంకాస్త. చూపుకు పర్వతం, తూకానికి మూడో వంతు. నాన్న అంచు నుంచి కలుపుకుంటూ వచ్చేవాడు. గిన్నె తగిలే లోపల ఆయన ‘మజ్జిగ కలిపి తెస్తానండి’ అని కంచం వంటింట్లోకి తెచ్చి, గిన్నె తీసేసి, పెరుగన్నం చేసి తీసుకెళ్ళేవారు. మీటరు మీద అంకె తగ్గింది. నాన్న తృప్తిగా త్రేన్చేవాడు.

ఏడోరోజు మిరియాల చారు పెట్టాం. చారు పోసుకునేవాడు ఏం చేస్తాడు? అన్నం మధ్యలో గుంట చేస్తాడు. తెలుగువాడు ప్రతివాడూ చేసే పని అది. కాని సినిమాలో చారు గుంటకు ఎవరూ టైమివ్వరు. నలభై ఏళ్ళ అనుభవంలో ఆయనకు ఆ గుంట ఎదురుపడలేదు. నా పట్టికకూ తట్టలేదు.

నాన్న వేళ్ళు ఆగాయి. అన్నం కింద ఆ స్టీలు అంచు వెంట నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాయి. చీకటిగదిలో ఫిల్ము అంచు తడిమి ఏ వైపు ఏదో చెప్పిన వేళ్ళు అవి.

“గిన్నె” అన్నాడు. తర్వాత, “ఎన్నాళ్ళ నుంచి?”

“ఆరు రోజులు. ఇది ఏడోది” అన్నాను.

“కళ్ళు లేనివాడికి సెట్టు వేశార్రా, ఇద్దరూ కలిసి.”

కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మర్నాటి నుంచి బాల్కనీలోంచి వాచ్‌మన్‌ను పిలిచి కింద హోటల్ నుంచి పూరీలు, మైసూర్‌పాక్ తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. నేను వండింది ముట్టుకోలేదు. అమ్మ చెప్పి చూసింది. రోజంతా సెట్టులో ఉండి వస్తావు, నీకు ఇందులో తప్పేం కనిపిస్తుందిలే అన్నాడు. అమ్మకు ఏడుపొచ్చింది. మీటరు మీద అంకె మూడు వందలు దాటింది. రక్తపరీక్షకు నెల కూడా లేదు. ఈసారి కూడా ఎక్కువుంటే ఆపరేషన్ ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది. పైనుంచి అడుగుల చప్పుడు కూడా ఆగిపోయింది.

అయిదోరోజు ఆయన వచ్చారు. చేతిలో గోరుచిక్కుళ్ళు. నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, ఒక పళ్ళెం నాన్న ఒళ్ళో పెట్టారు.

“ఈ ఈనెలు తీసిపెట్టండి. నా వేళ్ళు సరిగ్గా వంగడం లేదు.”

నాన్న పళ్ళెం అంచు తడిమాడు. ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకటి. ఈనె తీయడం, తుంచడం, పక్కన వెయ్యడం. ముక్కలన్నీ ఒకే పొడవున వచ్చాయి. తర్వాత స్కేలు పెట్టి కొలిచాను కూడా.

ఆయన చెప్పారు. “కెమెరాది ఒంటికన్నండి. దాన్ని మోసం చెయ్యడమే నా పని. మీకూ అదే చేశాను. మనిషికి చెయ్యకూడదని తోచలేదు.”

“తోచకపోవడమేంటయ్యా? రోజూ పక్కనే నుంచుని చూశావు కదా.”

“చూశాను. ఇష్టంగా తింటున్నారు. నేను వండింది మనిషి అంత ఇష్టంగా తినడం అంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూళ్ళేదండి. ఆపలేకపోయాను.”

కాయలు అయిపోయాయి. ఆయన లేచి, అన్నం గిన్నె తెచ్చి నాన్న ముందు పెట్టారు. ఇక మీ అన్నం మీరే తీసుకోండి, ఎంతైనా మేం అడగం అన్నారు. నేను ఏదో అనబోతే కళ్ళతోనే వారించారు. నాన్న రెండు గుప్పిళ్ళు తీసి కంచంలో వేసుకున్నాడు. ఆ రాశి మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉన్నాడు. అందులోంచి సగం తీసి మళ్ళీ గిన్నెలో వేశాడు.

ఆ అన్నం తూస్తానంటే నాన్న ఒప్పుకున్నాడు. నూట పది గ్రాములు. మర్నాడు నూట పన్నెండు. ఆ మర్నాడు నూట తొమ్మిది. నా త్రాసు అక్కర్లేకపోయింది.

రక్తపరీక్షలో ఏడు పాయింటు ఎనిమిది వచ్చింది. పదిహేను రోజుల తర్వాత కుడికంటికి ఆపరేషన్ చేశారు.

కట్టు విప్పించుకుని కారులో వస్తుంటే, నాన్న జూబ్లీహిల్స్ రోడ్డు పొడుగునా హోర్డింగులు పైకి చదువుతూ వచ్చాడు. బంగారం, చీరలు, కొత్త సినిమా, మళ్ళీ బంగారం. ఇంట్లోకి రాగానే గోడలకు సున్నం ఎప్పుడు వేయించారని అడిగాడు. ఎప్పుడూ తెల్లవే నాన్నా అన్నాను. ముదిరిన శుక్లం పసుపు అద్దంలాంటిది, అది తీసేశాక తెలుపు తెల్లగా, నీలం నీలంగా కనిపిస్తాయి. నేను రోజంతా రీళ్ళకు చేసేది అదే పని. ఇదంతా నేను వివరిస్తుంటే నాన్న వినడం లేదు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

భోజనం వేళయింది. నాన్న అలవాటుగా పైకి కేకేశాడు. ‘వచ్చే’ అని జవాబు, మెట్ల మీద అడుగులు.

“అదుగో, మన కుర్రాడు” అన్నాడు నాన్న నవ్వుతూ, తలుపు వైపు తిరిగి.

ఆయన ఆ పూట పైనే వండి, కంచంతో గుమ్మంలోకి వచ్చి, చెయ్యి ద్వారబంధానికి ఆనించి ఆగారు. ఊపిరి తీసుకుంటున్నారు. లోపలికి వచ్చే ముందు రోజూ అలాగే ఆగేవారని నాకప్పుడు తట్టింది. తెల్లబడ్డ కనుబొమలు, లోపలికి పోయిన బుగ్గలు, ఎముకల మీద చొక్కా. నాలుగు నెలలుగా చూస్తున్న మనిషిని నాన్నతో కలిసి మొదటిసారి చూశాను.

నాన్న నవ్వు పోయింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“మీకు ఎన్నేళ్ళండి?”

“ఎనభై దాటాయి.”

నాన్నకు అరవై రెండు. నా వైపు తిరిగాడు. “ఇన్నాళ్ళూ ఏమయ్యా, నువ్వు, రా, పో అన్నాను. ఒక్క ముక్క చెప్పలేదేంట్రా?”

పట్టికలో ముప్పై ఒక్క నిలువు వరుసలున్నాయి. వయసు అనే వరుస లేదు.

నాన్న చేతులు జోడించబోతున్నాడు. ఆయన కంచం బల్ల మీద పెట్టి, గబగబా దగ్గరికి వచ్చి, ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశారు.

“అది మార్చకండి. నన్నలా పిలిచేవాళ్ళందరూ పోయారండి. ఇప్పుడందరూ పెద్దాయన అనేవాళ్ళే. మీరు ఏమయ్యా అని కేకేస్తే, ఎవరో కుర్రాణ్ణి పిలిచినట్టుండేది. వాడు లేచి వచ్చేవాడు. నేను వాడి వెనకే వచ్చేవాణ్ణి.”

నాన్న చాలాసేపు ఆయన మొహం చూస్తూ ఉండిపోయాడు. కొత్త కంటితో, తొందర లేకుండా, ఒక ఫ్రేము తర్వాత ఒక ఫ్రేము చూస్తున్నట్టు. కిటికీలోంచి వచ్చే వెలుగు ఇద్దరి మధ్య గోడ మీద తెల్లగా ఉంది. తర్వాత తన పక్క కుర్చీని కాస్త వెనక్కి లాగాడు.

“సరే. అయితే, ఏమయ్యా... ముందు నువ్వు కూర్చో.”

ఆయన కూర్చున్నారు.